ఆత్మహత్యల నివారణ: సమాజ స్థాయి కృషి

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన నుంచి మనిషిని మళ్లించడానికి, ఆ ఆలోచనకు దారితీసే పరిస్థితులను తగ్గించడానికి, ప్రయత్నించి బయటపడినవారికి తోడు నిలవడానికి చేసే పనులన్నిటినీ కలిపి ఆత్మహత్యల నివారణ అంటారు. వైద్యం ఇందులో ఒక భాగం మాత్రమే. పురుగుమందుల నియంత్రణ, పరీక్షల విధానం, అప్పుల ఊబి, పత్రికలు వార్త రాసే తీరు, ఇరుగుపొరుగు పలకరింపు కూడా దీని పరిధిలోకే వస్తాయి. దిగులు, ఆందోళన, మద్య వ్యసనం వంటివి చికిత్సకు లొంగే ఆరోగ్య సమస్యలని జనానికి తెలియజెప్పి, సాయం అడగడానికి అడ్డొచ్చే సంకోచాన్ని పోగొట్టే కృషి మానసిక ఆరోగ్య చైతన్యం. ఈ రెండూ పక్కపక్కనే నడుస్తాయి గాని ఒకటి కాదు. చైతన్యం పెరిగినంత మాత్రాన మరణాలు తగ్గుతాయన్న హామీ లేదు. ఏ మానసిక జబ్బూ లేని మనిషి కూడా ఒక్క పూట తెగింపులో ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు.

భారతదేశంలో ఈ బాధ్యతను వైద్యులకే వదిలేసే వీలు లేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయోజనుల్లో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడు కూడా లేడని అంచనా. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

విస్తృతి, లెక్కలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 7 లక్షల 20 వేల మందికి పైగా ఆత్మహత్యతో చనిపోతున్నారు. దాదాపు నాలుగింట మూడొంతుల మరణాలు పేద, మధ్యాదాయ దేశాల్లోనివే. 15–29 ఏళ్ల వారి మరణ కారణాల్లో ఇది మూడోది.

మన దేశంలో అధికారిక లెక్క జాతీయ నేర నమోదు సంస్థది. 2022లో 1,70,924 మంది, 2023లో 1,71,418 మంది ఆత్మహత్య చేసుకున్నారని అది నమోదు చేసింది. 2022లో జాతీయ సగటు లక్ష జనాభాకు 12.4. తెలంగాణలో అది 26.3, అంటే రెట్టింపుకు పైనే. ఆంధ్రప్రదేశ్ కూడా జాతీయ సగటుకు పైనే ఉంది. వృత్తుల వారీగా చూస్తే అందరికంటే ఎక్కువ మంది దినసరి కూలీలు, మొత్తంలో నాలుగో వంతుకు మించి. రైతులు, వ్యవసాయ కూలీలు కలిపి ఆ ఏడాది 11,290 మంది. విద్యార్థులు 13 వేలకు పైగా. గృహిణుల మరణాలు ఈ రెండు వర్గాల్లో దేనికంటే చూసినా ఎక్కువే. వాటి గురించి వార్తల్లో మాట్లాడేది మాత్రం బహు తక్కువ.

ఈ లెక్కలకు ఆధారం పోలీసు రికార్డులు. కేసు భయంతోనో, పరువు భయంతోనో కుటుంబం ప్రమాదమనో కడుపునొప్పి అనో చెబితే ఆ మరణం లెక్కలోకి రాదు. ఇంటింటికీ వెళ్లి మరణ కారణాలు అడిగి తెలుసుకున్న ఒక పెద్ద అధ్యయనం 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అది 2010 సంవత్సరానికి 1,87,000 ఆత్మహత్యలను అంచనా వేసింది. అదే ఏడాది పోలీసు లెక్క 1,34,599. దక్షిణాది రాష్ట్రాల్లో రేటు ఎక్కువని కూడా ఆ అధ్యయనం చూపింది. అయితే ఇక్కడ నమోదు కొంత మెరుగ్గా ఉండటం వల్ల కూడా అంకెలు పెద్దవిగా కనిపించవచ్చు. కాబట్టి రాష్ట్రాల మధ్య పోలికలను జాగ్రత్తగా చదవాలి.

చరిత్ర

ఆత్మహత్యను వ్యక్తి బలహీనతగానో పాపంగానో చూసే కాలంలో, దాన్ని సమాజ లక్షణంగా పరిశీలించినవాడు ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్. 1897లో వెలువడిన తన గ్రంథంలో ఆయన, మనిషికి చుట్టూ ఉన్నవారితో ముడి మరీ వదులైనా మరీ బిగిసినా ప్రమాదమేనని ప్రతిపాదించాడు. ఒక్కసారిగా వచ్చిపడే ఆర్థిక కుదుపులకూ ఆత్మహత్యలకూ ఉన్న సంబంధాన్ని కూడా ఆయన చర్చించాడు.

ఆచరణలో మలుపు 1953లో లండన్‌లో వచ్చింది. చాద్ వారా అనే చర్చి పూజారి, చనిపోవాలనుకునేవారు ఫోన్ చేయవచ్చని ప్రకటించాడు. వచ్చినవారు ఆయన కోసం వేచి ఉండే గదిలో కొందరు మామూలు స్వచ్ఛంద సేవకులు టీ ఇచ్చి, పక్కన కూర్చుని మాట్లాడేవారు. ఆ మాటలతోనే చాలామంది తేలికపడి, పూజారిని కలవాల్సిన అవసరమే లేకుండా వెళ్లిపోతున్నారని కొన్నాళ్లకు తేలింది. 1954లో ఆయన ఆ పని మొత్తాన్నీ సేవకులకే అప్పగించాడు. అలా ఏర్పడ్డ సమారిటన్స్ సంస్థే నేటి హెల్ప్‌లైన్లకు మూలం. 1958లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రం, 1960లో వియన్నాలో అంతర్జాతీయ ఆత్మహత్యల నివారణ సంఘం వచ్చాయి. ఈ సంఘం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2003 నుంచి ఏటా సెప్టెంబర్ 10న ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం జరుపుతున్నాయి. అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం.

భారతదేశంలో 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. పెద్దాసుపత్రి నుంచి జిల్లా స్థాయికి సేవలు దించే జిల్లా కార్యక్రమం 1996లో నాలుగు జిల్లాలతో ప్రారంభమైంది. వాటిలో ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్. స్వచ్ఛంద రంగంలో మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ 1986లో చెన్నైలో స్థాపించిన స్నేహ, 1997లో హైదరాబాద్‌లో మొదలైన రోష్ని పేరున్నవి. 2022 నవంబర్‌లో కేంద్రం తొలి జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహాన్ని ప్రకటించింది. 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించడం దాని లక్ష్యం.

కారణాలు

ఏ ఒక్క మరణానికీ ఒక్కటే కారణం ఉండదు. పోలీసు నమోదులో మాత్రం ఒక్క కారణమే రాస్తారు. 2022లో 31.7 శాతం మరణాలకు ఎదురుగా కుటుంబ సమస్యలు అని, 18.4 శాతానికి అనారోగ్యం అని ఉంది. కుటుంబ సమస్య అన్న మాట వెనక భర్త తాగుడు, ఇంట్లో హింస, అప్పులవాళ్ల వేధింపు, చికిత్స అందని డిప్రెషన్ అన్నీ ఒకేచోట ఉండవచ్చు.

నిపుణులు వీటిని మూడు పొరలుగా చూస్తారు. లోపలి పొరలో మానసిక జబ్బు, మద్యం, దీర్ఘకాలిక నొప్పి, గతంలో చేసిన ప్రయత్నం ఉంటాయి. వీటిలో గత ప్రయత్నాన్ని అన్నిటికంటే బలమైన ప్రమాద సూచికగా పరిగణిస్తారు. మధ్య పొరలో అప్పు, ప్రేమ వైఫల్యం, పరీక్ష తప్పడం, అవమానం, ఒంటరితనం వంటి జీవిత ఘటనలు. బయటి పొర సమాజానిది: ప్రాణం తీసే వస్తువు ఎంత చేరువలో ఉంది, సాయం ఎంత దూరంలో ఉంది, అడిగితే నవ్వుతారన్న భయం ఎంత అన్నవి.

1997–98 వరంగల్ జిల్లా ఈ మూడు పొరలూ కలిసిన ఉదాహరణ. ఆ ఏడు పత్తిపై పురుగు ఉద్ధృతంగా పడింది. విత్తనం, ఎరువు, మందు మూడూ ఒకే దుకాణదారు దగ్గర అరువుకు తెచ్చుకున్న రైతులు నాసిరకం మందులను మళ్లీ మళ్లీ కొట్టి, పంట దక్కక, అప్పు తీరక కుదేలయ్యారు. అప్పు ఇచ్చినవాడే మందు అమ్మినవాడు, పంట కొనేవాడు కూడా. పంట కోసం తెచ్చిన ఆ మందే ఇంట్లో మిగిలింది. వందలాది కుటుంబాలు దిక్కులేనివయ్యాయి. రైతు ఆత్మహత్య అన్న మాట దేశవ్యాప్త చర్చలోకి రావడానికి ఆ సీజన్ ఒక ప్రధాన కారణం.

నివారణ రకాలు

ప్రజారోగ్య శాస్త్రం నివారణను మూడుగా విభజిస్తుంది. అందరికీ వర్తించేది సార్వత్రిక నివారణ: విష పదార్థాల నియంత్రణ, బడిలో జీవన నైపుణ్యాల బోధన, మద్య విధానం. ప్రమాదం ఎక్కువున్న వర్గాలపై దృష్టి పెట్టేది ఎంపిక నివారణ: అప్పుల్లో ఉన్న రైతులు, హాస్టల్ విద్యార్థులు, వలస కూలీలు, ఆత్మహత్యతో ఆప్తులను కోల్పోయినవారు దీని కిందికి వస్తారు. ఇప్పటికే ఆలోచనలతో సతమతమవుతున్నవారికి, ప్రయత్నించి బయటపడినవారికి ఇచ్చేది వ్యక్తి స్థాయి నివారణ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన మార్గదర్శకం ప్రభుత్వాలకు నాలుగు పనులు సూచించింది. సాధనాలను అందుబాటులో లేకుండా చేయడం, మాధ్యమాలతో కలిసి పనిచేయడం, కౌమార వయసువారికి భావోద్వేగ నైపుణ్యాలు నేర్పడం, బాధితులను త్వరగా గుర్తించి చికిత్స, తదుపరి పరామర్శ అందించడం. ర్యాలీలు, ఫ్లెక్సీలు, ప్రతిజ్ఞలు ఈ నాలుగింటిలో లేవు. అవగాహన పెంచడాన్ని ఆ మార్గదర్శకం ఈ పనులకు ఆసరాగా ఉండే పునాదుల్లో ఒకటిగా లెక్కించింది.

సాధనాలను దూరం చేయడం

చనిపోవాలని నిశ్చయించుకున్నవాడిని ఎవరూ ఆపలేరు, ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటాడు అన్నది జనంలో బలంగా ఉన్న నమ్మకం. పరిశోధనలు చెప్పేది దీనికి భిన్నం. తీవ్రమైన ఆవేశం చాలామందిలో నిమిషాల నుంచి గంటల్లో తగ్గుతుంది. ఆ వ్యవధిలో ప్రాణాంతకమైన వస్తువు చేతికి అందకపోతే బతికే అవకాశం బాగా పెరుగుతుంది. బయటపడినవారిలో అత్యధికులు ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు.

దీనికి శ్రీలంకను మించిన రుజువు లేదు. 1990ల మధ్యలో ఆ దేశపు ఆత్మహత్యల రేటు ప్రపంచంలోనే అత్యధికమైన వాటిలో ఒకటి. ప్రభుత్వం అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1995లో, 1998లో, తిరిగి 2008–11 మధ్య విడతల వారీగా నిషేధించింది. 2015 నాటికి రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఈ నిషేధాల వల్ల 20 ఏళ్లలో 93,000 ప్రాణాలు దక్కాయని పరిశోధకుల అంచనా. పంటల దిగుబడి పడిపోలేదు. ఈ కాలంలో 2009 దాకా ఆ దేశంలో అంతర్యుద్ధం ఉంది, పేదరికం ఉంది, ప్రయత్నాలూ జరుగుతూనే ఉన్నాయి. అయితే ఆసుపత్రికి చేరినవారు బతుకుతూ వచ్చారు.

భారత ప్రభుత్వం 2018లో 18 పురుగుమందుల నిషేధానికి ఉత్తర్వులిచ్చింది. కొన్ని వెంటనే, మిగిలినవి 2020 చివరికల్లా ఆగాయి. కేరళ 2011లోనే సొంతంగా కొన్నిటిని నిషేధించింది.

నిషేధం కుదరని చోట నిల్వ పద్ధతి మార్చే ప్రయోగాలు జరిగాయి. తమిళనాడులోని కడలూరు జిల్లాలో స్నేహ బృందం రెండు ఊళ్లలో అందరికీ కలిపి ఒకే నిల్వ గది ఏర్పాటు చేసింది. రైతుకో లాకర్, దానికో తాళం, గదికో నిర్వాహకుడు. మందు కొట్టే రోజున రైతు వచ్చి తన డబ్బా తీసుకెళ్తాడు, పని అయ్యాక తిరిగి పెడతాడు. ఈ సదుపాయం లేని ఊళ్లతో పోలిస్తే అక్కడ పురుగుమందుతో జరిగే ప్రయత్నాలు, మరణాలు బాగా తగ్గాయని 2013లో ప్రచురించిన ఫలితాలు చూపాయి. ఊళ్లు కొన్నే కావడంతో దీన్ని సాధ్యాసాధ్యాల పరిశీలనగానే చూడాలి.

శ్రీలంకలోని అనురాధపుర ప్రాంతంలో ఇంటింటికీ తాళం వేసుకునే పెట్టెలిచ్చారు. 180 ఊళ్లతో జరిగిన ఆ పెద్ద ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. ప్రయోజనం కనిపించలేదు. పెట్టె ఇంట్లోనే ఉంటుంది, తాళంచెవి ఎక్కడ పెడతారో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఊరి నిల్వ గదికి, ఇంటి పెట్టెకు ఉన్న ఈ తేడా విధాన నిర్ణేతలకు ముఖ్యమైనది. ఒక కుటుంబం వరకు చూస్తే, ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉన్నప్పుడు మిగిలిన మందును, అవసరం లేని మాత్రలను కొన్నాళ్లు మరొకరి దగ్గర ఉంచడం సులువైన జాగ్రత్త.

హెచ్చరిక సంకేతాలు, పలకరింపు

"నేనుంటే ఎంత, పోతే ఎంత", "నా వల్ల ఇంటికి భారమే తప్ప ఏముంది", "ఇక నా గురించి బెంగ పడకండి" వంటి మాటలు కోపంలో అన్నవేనని కొట్టిపారేయడం రివాజు. చెప్పేవాడు చేసుకోడు అన్న సామాన్య నమ్మకమూ అందుకు తోడవుతుంది. వాస్తవానికి ఆత్మహత్యకు ముందు చాలామంది ఏదో ఒక రూపంలో తమ బాధ బయటపెడతారు. నిద్ర, తిండి మారిపోవడం, నలుగురిలోకి రాకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అప్పుల లెక్కలు హఠాత్తుగా తేల్చేయడం, తాగుడు పెరగడం గమనించదగ్గవి. చాలా రోజుల కుంగుబాటు తర్వాత అకారణంగా వచ్చిన ప్రశాంతతను కూడా అనుమానంగానే చూడాలి.

తెలుగు ఇళ్లలో డిప్రెషన్ తరచూ శరీరం భాషలో బయటపడుతుంది. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లేది గుండె దడ, నరాల బలహీనత, ఒళ్లంతా మంటలు, నిద్ర పట్టకపోవడం అని చెప్పుకోవడానికే. ఒక గ్లూకోజ్ సీసా, నాలుగు విటమిన్ మాత్రలతో ఇంటికి వస్తారు. అందుకే ఆశా కార్యకర్తలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందికి ఇచ్చే శిక్షణలో ఈ ఫిర్యాదుల వెనక ఉన్న దిగులును గుర్తించడం ప్రధానాంశం.

ఆత్మహత్య గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరుగుతుందని అధ్యయనాల్లో ఎక్కడా తేలలేదు. అడిగించుకున్నవారికి తరచూ ఊరటే కలుగుతుంది. "అన్నా, నాలుగు రోజుల నుంచి చూస్తున్నా, ఎవరితోనూ మాట్లాడట్లేదు. బతకడం వద్దనిపిస్తోందా?" అని మామూలుగా అడగవచ్చు. అవునంటే వాదించకుండా వినాలి. "నీకేం తక్కువ", "పిల్లల మొహం చూసైనా" వంటి మాటలు మనిషిని మరింత ముడుచుకునేలా చేస్తాయి. ఒంటరిగా వదలకుండా, ప్రమాదకర వస్తువులు దూరం చేసి, అదే రోజు వైద్యుడికో హెల్ప్‌లైన్‌కో కలపాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. 2000లో ఆస్ట్రేలియాలో మొదలైన మానసిక ప్రథమ చికిత్స, అమెరికాలో రూపుదిద్దుకున్న అడుగు–ఒప్పించు–పంపించు పద్ధతి ఈ నైపుణ్యాలనే కొన్ని గంటల శిక్షణగా ఇస్తాయి.

మళ్లీ మళ్లీ పలకరించడం

ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రిలో చేరినవారికి మన దగ్గర ప్రాణాపాయం తప్పాక డిశ్చార్జి ఇస్తారు. ఇంటికి వెళ్లిన తొలి వారాలు, నెలలే అత్యంత ప్రమాదకరమైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు నగరాల్లో ఈ దశపై ప్రయోగం చేసింది. బ్రెజిల్‌లో కాంపినాస్, శ్రీలంకలో కొలంబో, ఇరాన్‌లో కరజ్, చైనాలో యున్‌చెంగ్, మన దేశంలో చెన్నై. 1,867 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు చికిత్స. రెండో జట్టుకు దానితో పాటు డిశ్చార్జికి ముందు ఒక గంట ముఖాముఖి, ఆపై 18 నెలల్లో తొమ్మిది సార్లు ఫోన్ లేదా ఇంటికి వెళ్లి పరామర్శ. 2008లో వెల్లడైన ఫలితాల్లో మామూలు చికిత్స పొందినవారిలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోగా, పరామర్శ అందినవారిలో అది 0.2 శాతం. ఇందులో ఖరీదైన మందు లేదు, యంత్రం లేదు. గుర్తుపెట్టుకుని మళ్లీ ఫోన్ చేసే మనిషి ఉన్నారంతే. ఇంత చవకైన పద్ధతి ఇప్పటికీ జిల్లా ఆసుపత్రుల నిత్యకృత్యం కాలేదు.

మామూలు మనుషులతో ఈ పని చేయించిన ప్రయోగాల్లో జింబాబ్వేలోని ఫ్రెండ్‌షిప్ బెంచ్ ప్రసిద్ధం. కోటికి పైగా జనాభాకు వేళ్ల మీద లెక్కపెట్టగల మానసిక వైద్యులున్న ఆ దేశంలో, డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో హరారే బస్తీల్లోని అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బల్ల. దాని మీద ఒక అవ్వ, పక్కన ఒక బాధితురాలు. సమస్యలన్నీ వరసగా చెప్పించి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఈ వారం దాని గురించి ఏం చేయగలమో తేల్చుకోవడం ఆ పద్ధతి. 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ప్రచురితమైన పరీక్షలో ఇది కుంగుబాటు లక్షణాలను బాగా తగ్గించినట్టు తేలింది. గుజరాత్‌లోని మెహసాణా జిల్లాలో ఆత్మీయత పేరుతో జరుగుతున్న కార్యక్రమం కూడా ఊళ్లో నలుగురూ నమ్మే స్త్రీపురుషులను ఎంచుకుని ఇదే తరహాలో తీర్చిదిద్దుతుంది. పింఛను, రేషను వంటి ప్రభుత్వ పథకాలు ఇప్పించడం కూడా వారి పనిలో భాగం.

హెల్ప్‌లైన్లు

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ సేవ ప్రారంభించింది. నంబరు 14416. రోజంతా, ఉచితంగా, తెలుగుతో సహా 20 భాషల్లో పనిచేస్తుంది. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. నిమ్హాన్స్ దీనికి శిఖర సంస్థ. 2025 నాటికి ఈ సేవకు 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. తక్షణ ప్రాణాపాయం ఉంటే 112 లేదా 108. అమెరికాలో ఉన్న తెలుగువారికి అక్కడి నంబరు 988. ఇది 2022 జూలై నుంచి అమల్లో ఉంది.

ఫోన్ సేవకు పరిమితులూ ఉన్నాయి. ఒకే ఫోను ఇంటిల్లిపాదీ వాడే చోట కోడలు ఎవరికీ వినబడకుండా మాట్లాడటం కష్టం. వినికిడి లోపం ఉన్నవారికి ఈ దారే లేదు. ఫోన్ పెట్టేశాక జిల్లాలో వైద్యుడు దొరకకపోతే సలహా సలహాగానే మిగులుతుంది.

విద్యాసంస్థలు

తమిళనాడు 2003లో పరీక్ష తప్పినవారికి ఏడాది ఆగకుండా వెంటనే మళ్లీ రాసే వీలు కల్పించింది. ఫలితాల తర్వాత జరిగే మరణాలు దీనివల్ల తగ్గాయని అక్కడి నిపుణులు చెబుతారు. ఇంటర్ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ తెలుగు విద్యార్థులకూ పరిచితమే. అయినా ఏప్రిల్, మే నెలలు ఇక్కడ గండంగానే గడుస్తున్నాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మార్కుల నమోదు తప్పులు బయటపడ్డాయి. రోజుల వ్యవధిలో 20 మందికి పైగా విద్యార్థులు చనిపోయినట్టు వార్తలు వచ్చాయి. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించాల్సి వచ్చింది.

కార్పొరేట్ కాలేజీల్లో మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం, ఆదివారాలు లేకపోవడం, హాస్టల్ నుంచి ఫోన్‌కు అనుమతించకపోవడంపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేసింది. తర్వాతా కమిటీలు వచ్చాయి. సిఫార్సులు కాగితం మీదే ఉండిపోయాయన్న విమర్శ ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హాస్టళ్లలో హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా రాయాలి. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయని కోర్టు చెప్పింది.

యూరప్‌లోని పది దేశాల్లో 11 వేల మంది విద్యార్థులతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం కంటే, విద్యార్థులే పాత్రలు వేసి సమస్యలను చర్చించుకునే తరగతులు ఆత్మహత్యా ప్రయత్నాలను ఎక్కువగా తగ్గించాయి.

రైతు కుటుంబాలు

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 421 ద్వారా ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి రూ.1.5 లక్షల సాయం ప్రకటించింది. తెలంగాణ 2015లో దాన్ని రూ.6 లక్షలు చేసింది. సాయం అందాలంటే మండల స్థాయి త్రిసభ్య కమిటీ ఆ మరణాన్ని వ్యవసాయ కారణాల వల్ల జరిగిందిగా ధ్రువీకరించాలి. పట్టా తండ్రి పేరున ఉన్నవారు, కౌలుదారులు, మహిళా రైతులు ఈ జల్లెడలో తరచూ జారిపోతారు. 2018 ఆగస్టులో తెలంగాణ తెచ్చిన రైతు బీమా, పట్టా ఉన్న 18–59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా రూ.5 లక్షలు ఇస్తుంది. కారణం నిరూపించాల్సిన బాధ తప్పింది. కౌలుదారు మాత్రం బయటే ఉన్నాడు.

మరణం తర్వాత ఇచ్చే పరిహారం నివారణ కాదు. ఆ లోటును పూరించే ప్రయత్నాల్లో ఒకటి 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలై ఆదిలాబాద్, మంచిర్యాల జిల్లాలకు పాకిన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్. రైతు సంఘాలు, జిల్లా యంత్రాంగం కలిసి దీన్ని నడిపాయి. దీనికి ఫోన్ చేసే రైతు పాస్‌పుస్తకం రాలేదనో, బ్యాంకు రుణం రెన్యువల్ కాలేదనో, పంట కొనడం లేదనో మొదలుపెడతాడు. సంబంధిత అధికారితో మాట్లాడి ఆ పని అయ్యేదాకా వెంటపడటం, మధ్యలో రైతు మానసిక స్థితిని కనిపెట్టి ఉండటం కార్యకర్తల బాధ్యత.

ప్రసార మాధ్యమాలు

ప్రముఖుడి ఆత్మహత్యను ఊదరగొడితే వెనువెంటనే మరణాలు పెరుగుతాయని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ 1974లో చూపాడు. గెటే నవలా నాయకుడి పేరు మీద దీన్ని వెర్తర్ ప్రభావం అంటారు. 1987లో వియన్నా పత్రికలు మెట్రో రైలు మరణాల వార్తలను తగ్గించి రాయడానికి ఒప్పుకున్నాక ఆ మరణాలు బాగా పడిపోయాయి. కష్టం నుంచి బయటపడ్డవారి కథనాలు రక్షణగా పనిచేస్తాయని 2010లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. దానికి మొజార్ట్ సంగీత రూపకంలోని పాత్ర పేరుతో పపగేనో ప్రభావమని పేరు.

భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో ఈ విషయమై మార్గదర్శకాలు ఆమోదించింది. పద్ధతి వివరాలు, స్థలం, చివరి లేఖ, ఫొటోలు వద్దని, సంచలన శీర్షికలు పెట్టవద్దని, ఆత్మహత్యను సమస్యకు పరిష్కారంగా చూపవద్దని అవి చెబుతాయి. తెలుగు చానళ్లు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు వీటిని ఉల్లంఘించని వారం అరుదు.

చట్టం

1860 నాటి భారత శిక్షాస్మృతి 309 సెక్షన్ ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా పరిగణించింది. 1980ల్లో బొంబాయి హైకోర్టు దీన్ని కొట్టేయగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సమర్థించింది. సుప్రీంకోర్టు 1994లో చెల్లదని తీర్పిచ్చి, 1996లో రాజ్యాంగ ధర్మాసనం ద్వారా ఆ తీర్పును తిరగరాసింది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115 సెక్షన్ దృక్పథాన్నే మార్చింది. ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, విచారణ, శిక్ష లేకుండా సంరక్షణ, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై పెట్టింది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి సమానమైన నిబంధన లేదు. ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకోవడానికో, ఒత్తిడి తేవడానికో చేసే ప్రయత్నం మాత్రం 226 సెక్షన్ కింద నేరం. ప్రేరేపణ ఎప్పటిలాగే శిక్షార్హం. అయినా పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రిలో పొరపాటున తాగాడని రాయించే అలవాటు పోలేదు. అలా రాయించిన రోగికి మానసిక వైద్యుడి పరామర్శ అందదు.

మిగిలినవారికి తోడు

ఆత్మహత్య తర్వాత కుటుంబానికి, స్నేహితులకు ఇచ్చే ఆసరాను ప్రత్యేక రంగంగా ప్రతిపాదించినవాడు లాస్ ఏంజెలెస్ కేంద్ర స్థాపకుల్లో ఒకరైన ఎడ్విన్ ష్నైడ్‌మన్. ఆప్తులను ఇలా కోల్పోయినవారిలో దుఃఖంతో పాటు అపరాధ భావం, కోపం, సిగ్గు కలగలిసి ఉంటాయి. వారికీ ప్రమాదం ఎక్కువే. తెలుగు ఊళ్లలో దినవారాల దాకా ఇంటినిండా జనం ఉంటారు. ఆ తర్వాత అప్పులవాళ్లు, కాగితాల పనులు, "మీరే కనిపెట్టలేకపోయారా" అన్న ప్రశ్నలు మిగులుతాయి. ఒకరి మరణం తర్వాత అదే తరగతిలో, అదే హాస్టల్‌లో మరొకరు అదే దారి పట్టే ముప్పు ఉంటుంది. అందుకని బడులు, కాలేజీలు ఆ వారంలోనే సన్నిహిత మిత్రులను విడివిడిగా కలిసి మాట్లాడించాలని మార్గదర్శకాలు చెబుతాయి. స్నేహ వంటి సంస్థలు ఇలాంటి కుటుంబాలను ఒకచోట కూర్చోబెట్టే బృందాలు నడుపుతాయి. టెలీ మానస్ 14416కు ఈ కుటుంబ సభ్యులూ ఫోన్ చేయవచ్చు.